ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ మొత్తం బ్యాకప్: ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరుల్లో ల్యాప్‌టాప్ మీదే పని నడిచేవాళ్ల కోసం రాసిన పేజీ ఇది. డీటీపీ చేసేవాళ్లు, టాక్స్ కన్సల్టెంట్లు, మిర్చి యార్డు కమీషన్ కొట్లలో లెక్కలు రాసేవాళ్లు, ప్రాజెక్టు రిపోర్టులు రాసుకుంటున్న ఇంజినీరింగ్ పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. ధరలు తరచూ మారతాయి కాబట్టి వాటిని రాయలేదు. ఏది ఉచితం, దేనికి డబ్బు కట్టాలి అన్నంతవరకే చెప్పాను.

ముఖ్యమైన ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటూనే ఉన్నాను. డిస్క్ మొత్తం బ్యాకప్ ఎందుకు?

ఫైళ్లు కాపీ చేసుకుంటే ఫైళ్లే దక్కుతాయి. డిస్క్ పోయిన రోజు మీకు కావలసింది వాటితో పాటు పని చేసే ల్యాప్‌టాప్. విండోస్, ప్రింటర్ డ్రైవర్లు, టాలీ, ఆఫీస్, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, ఏళ్ల తరబడి కుదుర్చుకున్న సెట్టింగులు అన్నీ మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలంటే రెండు మూడు రోజులు పోతాయి.

ఈ బాధ అందరికంటే బాగా తెలిసింది ప్రెస్సుల వాళ్లకే. విజయవాడలో ఎంతోమంది ఇప్పటికీ పేజీలు కూర్చే పాత పేజ్‌మేకర్ మీద, అను అనే తెలుగు ఫాంట్ల మీద పని చేస్తున్నారు. ఆ ఫాంట్లు, కీబోర్డు లేఅవుట్, పేజ్‌మేకర్ మూడూ ఒకదానితో ఒకటి సర్దుకుని నడుస్తున్న సిస్టమ్‌ని మరో చోట అచ్చంగా అలాగే నిలబెట్టడం చాలా కష్టం. పాత సీడీ దొరకదు, దొరికినా ల్యాప్‌టాప్‌లో సీడీ డ్రైవ్ ఉండదు. డిస్క్ మొత్తానికి ఇమేజ్ (ఒకే ఫైలుగా కట్టిన పూర్తి నకలు) తీసి ఉంచుకుంటే కొత్త ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్) వేసి, ఆ ఇమేజ్‌ని దాని మీద దింపి, సాయంత్రానికి ఆగిన పేజీ దగ్గర నుంచే పని మొదలుపెట్టొచ్చు.

క్లోన్, ఇమేజ్ రెండూ ఒకటేనా?

కాదు. ఇది తేల్చుకోకుండా సాఫ్ట్‌వేర్ వెతికితే తప్పుడుది చేతికొస్తుంది.

క్లోన్ అంటే ఒక డిస్కులో ఉన్నదాన్ని నేరుగా ఇంకో డిస్క్ మీదకు దించడం. ఆ రెండో డిస్క్ పూర్తిగా దానికే పోతుంది, అందులో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుంది. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేసుకునేటప్పుడు కావలసింది ఇదే. పని అయ్యాక రెండు డిస్కులూ ఒకేసారి తగిలించి బూట్ చేయొద్దు. రెండింటి గుర్తింపు సంఖ్య ఒకటే కావడంతో విండోస్ తికమక పడుతుంది.

ఇమేజ్ అంటే డిస్కులోని పార్టిషన్లు, బూట్ సమాచారం, ఫైళ్లు అన్నింటినీ కుదించి ఒక పెద్ద ఫైలుగా కట్టిపెట్టడం. ఒకే ఎక్స్‌టర్నల్ డిస్కులో జనవరి ఇమేజ్, ఫిబ్రవరి ఇమేజ్, మీ తమ్ముడి ల్యాప్‌టాప్ ఇమేజ్ అన్నీ పక్కపక్కన ఉంచుకోవచ్చు. ఏ నెల స్థితికి కావాలంటే ఆ నెలకు వెనక్కి వెళ్లొచ్చు. క్రమం తప్పని బ్యాకప్‌కి ఇమేజే సరైనది.

అయితే ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోమంటారు?

విండోస్ ల్యాప్‌టాప్, డబ్బు పెట్టే ఉద్దేశం లేదు అంటే రెండు పేర్లు చెబుతాను.

మొదటిది వీమ్ ఏజెంట్ ఫర్ మైక్రోసాఫ్ట్ విండోస్, ఉచిత ఎడిషన్. పెద్ద పెద్ద సర్వర్ల బ్యాకప్ చేసే కంపెనీ ఇచ్చేది. దించుకోవడానికి మెయిల్ ఐడీతో ఖాతా తెరవాలి. ‘మొత్తం కంప్యూటర్’ అన్నది ఎంచుకుంటే ఇక వేరే ఆలోచన అక్కర్లేదు. మొదటిసారి అంతా, ఆ తర్వాత మారినంత మేరకే తీసుకుంటుంది. నాకు బాగా నచ్చినవి ఇందులో రెండు ఉన్నాయి. ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించగానే బ్యాకప్ దానంతట అదే మొదలయ్యేలా పెట్టుకోవచ్చు. పని అయ్యాక ఆ డిస్కుని తనే ఎజెక్ట్ చేసేలా కూడా పెట్టుకోవచ్చు. మర్చిపోయే అలవాటున్న వాళ్లకు ఈ రెండూ చాలు. ఇందులో క్లోన్ మాత్రం ఉండదు.

రెండోది హస్లియో బ్యాకప్ సూట్ ఫ్రీ. చూడటానికి సులువు. ఇమేజ్, క్లోన్, షెడ్యూల్, పాస్‌వర్డ్ అన్నీ ఉంటాయి. పెద్ద హార్డ్ డిస్క్ నుంచి చిన్న ఎస్‌ఎస్‌డీకి మారాలనుకుంటే, లోపలి సరుకు అందులో పట్టేంత ఉంటే చాలు, చేసిపెడుతుంది.

విండోస్ అసలు లేవడం లేదు, లేదా ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉంది అంటే క్లోన్‌జిల్లా. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి అక్కడి నుంచే బూట్ చేయాలి. పూర్తిగా ఉచితం, ఏళ్ల తరబడి నిలబడిన సాఫ్ట్‌వేర్. అయితే అక్షరాల మెనూలు తప్ప బొమ్మలు ఉండవు. ఏ డిస్క్ నుంచి ఏ డిస్క్‌కి అన్నది పొరపాటున తిరగేస్తే ఉన్నది కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది. గమ్యం డిస్క్ మామూలుగా మూలం డిస్క్ అంతదో, ఇంకా పెద్దదో అయి ఉండాలి. మారినంత మేరకే తీసే ఇన్‌క్రిమెంటల్ బ్యాకప్ లేదు. ఆ మెనూలు చూసి భయం వేస్తే అదే పనిని మౌస్‌తో చేయించే రెస్క్యూజిల్లా ఉంది. క్లోన్‌జిల్లా తీసిన ఇమేజ్‌లు దీనిలోనూ తెరుచుకుంటాయి.

డబ్బు పెట్టగలిగితే మ్యాక్రియమ్ రిఫ్లెక్ట్, ఎక్రోనిస్ ట్రూ ఇమేజ్ చూడండి. రెండూ ఇప్పుడు ఏడాది చందా పద్ధతిలో నడుస్తున్నాయి. ఏఓమీ, ఈజ్‌అస్ కంపెనీల ఉచిత వెర్షన్లు కూడా మామూలు ఇమేజ్‌కి పనికొస్తాయి. కానీ విండోస్ ఉన్న డిస్కుని క్లోన్ చేయబోతే అక్కడ డబ్బు కట్టమని ఆపుతాయి.

కొనేముందు ఇంకొకటి చూసుకోండి. మీ డిస్క్ వెస్టర్న్ డిజిటల్‌దో, సీగేట్‌దో, క్రూషల్‌దో అయితే ఆ కంపెనీ వెబ్‌సైట్‌లోనే ఎక్రోనిస్ తయారుచేసిన ఉచిత వెర్షన్ ఉంటుంది. సీగేట్ దాన్ని డిస్క్‌విజార్డ్ అంటుంది. ఆ కంపెనీ డిస్క్ ఒక్కటైనా తగిలించి ఉంటేనే పని చేస్తుంది. ఈ సంగతి తెలియక చందా కట్టినవాళ్లు చాలామంది ఉన్నారు.

మ్యాక్రియమ్ రిఫ్లెక్ట్ ఫ్రీ చాలా బాగుంటుందని యూట్యూబ్‌లో చూశాను. అదెక్కడ దొరుకుతుంది?

అవి పాత వీడియోలు. కంపెనీ ఆ ఉచిత వెర్షన్‌ని ఆపేసింది, 2024 జనవరి నుంచి సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా లేవు. వేరే సైట్లలో దొరికే పాత ఇన్‌స్టాలర్లు వేయకండి.

విండోస్‌లోనే బ్యాకప్ ఉంది కదా?

ఉంది, కానీ ఆ పేరుతో ఉన్నవన్నీ ఒకటి కాదు. విండోస్ 11లో ‘విండోస్ బ్యాకప్’ అని కనిపించేది మీ ఫోల్డర్లను, కొన్ని సెట్టింగులను వన్‌డ్రైవ్‌కి పంపుతుంది. అక్కడ ఉచితంగా వచ్చేది 5 జీబీ. ఫైల్ హిస్టరీ మీ ఫైళ్ల పాత కాపీలను దాస్తుంది. ఈ రెండింటిలో ఏదీ డిస్క్ మొత్తాన్ని తీసుకోదు.

కంట్రోల్ ప్యానెల్‌లో ‘బ్యాకప్ అండ్ రిస్టోర్ (విండోస్ 7)’ అనే పేరుతో సిస్టమ్ ఇమేజ్ సదుపాయం ఇంకా ఉంది. మైక్రోసాఫ్ట్ దాన్ని 2017లోనే అభివృద్ధి ఆపిన సదుపాయాల జాబితాలో పెట్టి, వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్ వాడుకోమని చెప్పింది. వేరే దారి లేని పూట వాడుకోవచ్చు గానీ దాని మీదే ఆధారపడొద్దు.

ఎక్రోనిస్ క్రాక్ వెర్షన్ షాపులో వేసిస్తామన్నారు. వేయించుకోవచ్చా?

వద్దండి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కి మీ డిస్కులో ప్రతి మూలకూ వెళ్లే అధికారం ఉంటుంది. దాన్ని ఎవరో విరగ్గొట్టి పంచిపెట్టిన కాపీగా వేసుకోవడమంటే ఇంటి తాళాలన్నీ గుత్తిగా ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టడమే. పైన చెప్పిన ఉచితమైనవి ఉండగా ఆ అవసరమే లేదు.

సాఫ్ట్‌వేర్లు పోల్చేటప్పుడు ముఖ్యంగా ఏం చూడాలి?

తిరిగి ఎంత సులువుగా వేస్తుందో చూడాలి. ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదివేట్టయితే ఇది చదవండి.

బ్యాకప్ తీయడం అన్ని సాఫ్ట్‌వేర్లూ చేస్తాయి. ‘విజయవంతంగా పూర్తయింది’ అని పచ్చ టిక్కు కూడా వేస్తాయి. అసలు పరీక్ష డిస్క్ చచ్చిపోయాక వస్తుంది. ఆ రోజు విండోస్ ఉండదు, అందులో వేసుకున్న బ్యాకప్ సాఫ్ట్‌వేరూ ఉండదు. అప్పుడు ల్యాప్‌టాప్‌ని లేపి, ఎక్స్‌టర్నల్ డిస్కులోని ఇమేజ్‌ని కొత్త డిస్క్ మీద దింపడానికి రెస్క్యూ పెన్‌డ్రైవ్ కావాలి. ప్రతి మంచి సాఫ్ట్‌వేర్‌లోనూ దాన్ని తయారుచేసే మెనూ ఉంటుంది. రెస్క్యూ మీడియా, రికవరీ మీడియా, ఎమర్జెన్సీ డిస్క్ అని ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు. సాఫ్ట్‌వేర్ వేసిన రోజే దాన్ని చేసుకోండి. చిన్న పాత పెన్‌డ్రైవ్ సరిపోతుంది.

చేసి డ్రాయర్‌లో పడేస్తే లాభం లేదు. దాంతో మీ ల్యాప్‌టాప్‌ని ఒకసారి బూట్ చేసి చూడండి. ఆన్ చేస్తూనే డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9, ఏసూస్ అయితే ఎస్కేప్ నొక్కితే మామూలుగా బూట్ మెనూ వస్తుంది. రెస్క్యూ తెర వచ్చాక రెండు సంగతులు గమనించండి. లోపలి ఎస్‌ఎస్‌డీ కనబడుతోందా? ఎక్స్‌టర్నల్ డిస్కులోని ఇమేజ్ కనబడుతోందా? రెండూ కనబడితే రిస్టోర్ నొక్కకుండా బయటికి వచ్చేయండి.

లోపలి డిస్క్ కనబడకపోవడం అరుదేమీ కాదు. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న చాలా ల్యాప్‌టాప్‌ల్లో ఎస్‌ఎస్‌డీ వీఎండీ అనే పొర వెనక ఉంటుంది. దానికి ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ ఇస్తేనే రెస్క్యూ పెన్‌డ్రైవ్‌కి డిస్క్ కనబడుతుంది. వీమ్‌లో రికవరీ మీడియా చేసేటప్పుడు ఈ కంప్యూటర్ డ్రైవర్లు కూడా చేర్చమంటారా అని అడుగుతుంది, అవునని టిక్కు పెట్టండి. ఈ లోటు పని జరుగుతున్న రోజు తెలిస్తే పది నిమిషాల్లో సర్దుకోవచ్చు. డిస్క్ పోయిన రోజు, రిటర్నులకు చివరి తేదీ నాడు తెలిస్తే చేతులు ఆడవు.

ఇమేజ్‌ని కూడా పరీక్షించాలి. సాఫ్ట్‌వేర్‌లో వెరిఫై ఉంటే దాన్ని నడపండి. ఆ తర్వాత ఇమేజ్‌ని ఒక డ్రైవ్‌లా తెరిచి, లోపల నుంచి ఒక టాలీ ఫోల్డరో, ఒక తెలుగు పేజీ ఫైలో, ఒక ఫొటోనో బయటికి తీసి తెరిచి చూడండి. ఖాళీగా ఉన్న పాత ఎస్‌ఎస్‌డీ ఇంట్లో ఉంటే దాని మీదకు ఇమేజ్ దింపి బూట్ చేసి చూడటం అన్నిటికంటే గట్టి పరీక్ష.

బిట్‌లాకర్ ఉందో లేదో నాకు తెలియదు. దానివల్ల ఇబ్బందా?

బిట్‌లాకర్ అంటే డిస్కులోని సమాచారానికి విండోస్ వేసే తాళం. ఇబ్బంది రావచ్చు, అందుకే ముందే చూసుకోండి. ఈమధ్య విండోస్ 11తో వస్తున్న ల్యాప్‌టాప్‌ల్లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే పేరుతో ఈ తాళం తనంతట తానే పడుతోంది. చాలామందికి ఆ సంగతే తెలియదు. దాని రికవరీ కీ 48 అంకెలది, మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా వేరే చోట పెట్టండి. షాపులో ఎవరి మెయిల్ ఐడీతోనో విండోస్ సెట్ చేసి ఇచ్చి ఉంటే ఆ కీ వాళ్ల ఖాతాలోకి పోయి ఉండొచ్చు. ఇవాళే చూసుకోండి.

విండోస్ నడుస్తుండగా ఇమేజ్ తీస్తే లోపలి సమాచారం తాళం తీసిన స్థితిలోనే ఇమేజ్‌లోకి వెళుతుంది. కాబట్టి ఇమేజ్‌కి వేరే పాస్‌వర్డ్ పెట్టండి. తిరిగి వేశాక బిట్‌లాకర్‌ని మళ్లీ ఆన్ చేసుకోవాలి. క్లోన్‌జిల్లాతో బయటి నుంచి తీస్తే లోపలి ఫైళ్లు దానికి అర్థం కావు, ఖాళీ జాగాతో సహా మొత్తం సెక్టార్లన్నీ (డిస్కులోని చిన్న చిన్న గళ్లు) కాపీ చేస్తుంది. ఇమేజ్ డిస్కంత పెద్దదవుతుంది.

ఎంత డిస్క్ కొనాలి? ఎంతసేపు పడుతుంది?

ల్యాప్‌టాప్ డిస్కుకి రెండింతలు తీసుకోండి. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే 1 టీబీ. బ్యాకప్‌కి మామూలు హార్డ్ డిస్కే చాలు, ఎస్‌ఎస్‌డీ అక్కర్లేదు. ఇమేజ్ కుదించుకుంటుంది నిజమే గానీ ఫొటోలు, వీడియోలు ఎక్కువుంటే పెద్దగా తగ్గదు.

300 జీబీ సరుకుని సెకనుకు 100 ఎంబీ చొప్పున రాసే యూఎస్‌బీ 3.0 డిస్క్ మీదకు పంపితే దాదాపు 50 నిమిషాలు. అదే డిస్కుని పొరపాటున యూఎస్‌బీ 2.0 పోర్టుకి పెడితే మూడు గంటల దగ్గర పడుతుంది. డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ అయి ఉండాలి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

బ్యాకప్ నడిచేటప్పుడు చార్జర్ పెట్టి ఉంచండి, స్లీప్ ఆపేయండి. వేరే అడాప్టర్‌తో నడిచే పెద్ద డిస్కులు వద్దు. కరెంటు పోతే ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది, డిస్క్ మాత్రం మధ్యలో ఆగిపోతుంది. ఇక మే నెల ఎండల్లో ఆ డిస్కుని స్కూటర్ డిక్కీలోనో, ఆపిన కారులోనో వదిలేయకండి.

ఎన్నాళ్లకోసారి తీయాలి?

నెలకోసారి పూర్తి ఇమేజ్, వారానికోసారి మారినంత మేరకు. చాలామందికి ఇది సరిపోతుంది. ఇన్‌క్రిమెంటల్ అంటే కిందటి బ్యాకప్ నుంచి మారినది. అవి గొలుసులా ఉంటాయి, మధ్యలో ఒకటి చెడిపోతే తర్వాతవి పనికిరావు. డిఫరెన్షియల్ అంటే కిందటి పూర్తి ఇమేజ్ నుంచి మారినదంతా. జాగా ఎక్కువ తీసుకుంటుంది, కానీ తిరిగి వేయడానికి పూర్తి ఇమేజ్, చివరి డిఫరెన్షియల్ రెండూ ఉంటే చాలు. జాగా ఉంటే నేను డిఫరెన్షియల్‌కే ఓటు వేస్తాను.

మిర్చి సీజన్లో యార్డు లెక్కలు రాసేవాళ్లకు వారం చాలా ఎక్కువ. టాలీ మూసేశాక దాని డేటా ఫోల్డర్‌ని రోజూ రాత్రి విడిగా కాపీ చేసుకోండి. డిస్క్ ఇమేజ్ దానికి అదనం.

ఇమేజ్ తిరిగి వేస్తే టాలీ లైసెన్స్, డిజిటల్ సిగ్నేచర్ కూడా వస్తాయా?

అదే ల్యాప్‌టాప్‌లో తిరిగి వేస్తే టాలీ మామూలుగా నడవచ్చు. కానీ దాని లైసెన్స్ కంప్యూటర్‌కి కట్టుబడి ఉంటుంది. హార్డ్‌వేర్ మారితే మళ్లీ యాక్టివేట్ చేయమంటుంది. సీరియల్ నంబరు, ఖాతా వివరాలు రాసి ఉంచుకోండి.

డిజిటల్ సిగ్నేచర్ మీ డిస్కులో లేదు, అది యూఎస్‌బీ టోకెన్‌లోనే ఉంటుంది. ఇమేజ్‌తో వచ్చేది దాని డ్రైవర్ మాత్రమే. టోకెన్ పోతే ఏ బ్యాకప్పూ దాన్ని తేలేదు.

డిస్క్ ఇప్పటికే నెమ్మదించింది, అప్పుడప్పుడు టిక్ టిక్ అంటోంది. ఇప్పుడు ఇమేజ్ తీయొచ్చా?

టిక్ టిక్ శబ్దం వస్తుంటే వెంటనే ఆపేయండి. నడిచేకొద్దీ లోపల ఇంకా దెబ్బతింటుంది. లోపలున్నది నిజంగా విలువైనదైతే డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరకే తీసుకెళ్లండి.

శబ్దం లేకుండా నెమ్మదిస్తే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాంతో ఆరోగ్యం చూడండి. పసుపు రంగులో హెచ్చరిక వస్తే ముందు ముఖ్యమైన ఫైళ్లు బయటికి తీయండి, ఇమేజ్ ఆ తర్వాత. డిస్క్ తప్పులు సరిచేసే విండోస్ చెక్‌డిస్క్ నడపకండి, బలహీనమైన డిస్క్ మీద అది మరింత భారం. చదవలేని సెక్టార్ల దగ్గర మామూలు బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఆగిపోతుంది. అలాంటి డిస్కుల కోసం లినక్స్‌లో డీడీరెస్క్యూ ఉంది. ముందు చదవగలిగినదంతా తీసి, చెడిన చోట్లకు తర్వాత తిరిగి వస్తుంది.

బ్యాకప్ డిస్కుని ఎక్కడ పెట్టాలి?

ల్యాప్‌టాప్ ఉన్న చోట కాదు. విజయవాడ వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల మీద పడ్డప్పుడు కింది అంతస్తులు మునిగి, నీళ్లు రోజుల తరబడి తీయలేదు. కట్టుబట్టలతో పడవెక్కిన మనిషికి బీరువాలో ఉన్న హార్డ్ డిస్క్ గుర్తుకు రాదు. ల్యాప్‌టాప్, బ్యాకప్ ఒకే ఇంట్లో ఒకే అరలో ఉంటే రెండూ ఒకేసారి పోతాయి.

రెండు డిస్కులు పెట్టుకోండి. ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే ఊళ్లో. విజయవాడకి గుంటూరు గంట ప్రయాణం. అక్కడ అక్కో, బావో ఉంటే వెళ్లినప్పుడల్లా డిస్కులు మార్చుకోండి. పాస్‌వర్డ్ పెట్టిన ఇమేజ్ కాబట్టి ఎవరి ఇంట్లో ఉన్నా భయం లేదు. ఆ పాస్‌వర్డ్ మాత్రం పోగొట్టుకోవద్దు, పోతే ఇమేజ్ ఉన్నా లేనట్టే.

బ్యాకప్ అయ్యాక కేబుల్ పీకేయండి. ర్యాన్‌సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే తగిలించి ఉన్న ప్రతి డిస్కునీ తాళం వేస్తుంది. 2017 మే నెలలో వానాక్రై వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. పీకేసి ఉన్న డిస్కు జోలికి అలాంటిది రాదు.

క్లౌడ్‌లో పెడితే సరిపోదా?

ముఖ్యమైన ఫైళ్లకు బాగానే ఉంటుంది. డిస్క్ మొత్తానికి కష్టం. 300 జీబీని సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్‌తో పంపితే 33 గంటలు ఆగకుండా నడవాలి. తిరిగి దించుకోవడానికీ సమయం పడుతుంది.

మ్యాక్‌బుక్ వాడుతున్నాను.

టైమ్ మెషిన్ అందులోనే ఉంది, డిస్క్ తగిలించి ఆన్ చేయండి. ల్యాప్‌టాప్‌కి రెండింతలు ఉండే డిస్క్ తీసుకోండి. ఏదైనా అయితే ముందు మ్యాక్ఓఎస్ వేసుకుని, ఆ తర్వాత టైమ్ మెషిన్ నుంచి మీ ఖాతాలు, అప్లికేషన్లు, ఫైళ్లు తెచ్చుకుంటారు. వేరే సాఫ్ట్‌వేర్ చాలామందికి అవసరం పడదు.

విండోస్ 10 నుంచి 11కి మారుతున్నాను. ముందు ఇమేజ్ తీయాలా?

తప్పకుండా. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి మారడం మంచిదే. కానీ పాత ప్రింటర్, పాత ఫాంట్ సాఫ్ట్‌వేర్ 11లో నడవకపోతే వెనక్కి రావడానికి దారి ఉండాలి. అప్‌గ్రేడ్‌కి ముందు తీసిన ఇమేజ్‌ని అన్నీ కుదిరాయని తేలేదాకా చెరపకండి.

ల్యాప్‌టాప్ రిపేరుకు ఇస్తున్నాను. ముందు ఏం చేయాలి?

కీబోర్డు మార్చడానికి ఇచ్చినా సరే, ముందు ఇమేజ్ తీసుకోండి. సర్వీసులో చాలా సమస్యలకు మొదట చేసేది ఫార్మాటే, మిమ్మల్ని అడుగుతారన్న నమ్మకం లేదు. ఇచ్చే రసీదు మీద ‘డేటాకు బాధ్యత మాది కాదు’ అని దాదాపు ప్రతిచోటా ఉంటుంది. రిపేరుకు పాస్‌వర్డ్ అడిగితే పరీక్షించడానికి ఒక కొత్త లోకల్ యూజర్ చేసి అదే ఇవ్వండి. డిస్క్ విప్పి తీయగలిగే మోడల్ అయి, సమస్య డిస్కుది కాకపోతే డిస్క్ తీసి దగ్గర పెట్టుకుని మిగతా ల్యాప్‌టాప్ ఇవ్వొచ్చా అని అడగండి, కొందరు ఒప్పుకుంటారు. బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ చేతిలో ఉందని చూసుకున్నాకే ఇవ్వండి. మదర్‌బోర్డు మారిస్తే తిరిగి వచ్చాక మొదటి బూట్‌లోనే ఆ 48 అంకెలు అడుగుతుంది.